నీళ్ల గోలీ

శాలిబండ,
సోమవారం

చిరంజీవి సౌభాగ్యవతి నాగమణికి నీ భర్త వైకుంఠం ఆశీర్వదించి రాసేది.

ఇక్కడ అందరం క్షేమం, నా కాళ్ళు తప్ప. నువ్వు మన బిడ్డ హరిచందన కాన్పుకని జల్‌పల్లిలో వాళ్ళ కొత్తింటికి వెళ్ళినప్పటి నుంచి అవి మరీ ఉబ్బాయి. వేలితో నొక్కితే పడిన గుంట, నేను చాయ్ తాగి వచ్చేదాకా పూడటం లేదు.

ఫోన్ ఉండగా ఉత్తరం ఏమిటని నవ్వకు. నా చెవుల సంగతి తెలుసు కదా, స్పీకర్ పెడితే గాని వినపడదు. మొన్న నువ్వు ఫోన్‌లో "మూత్రం మంచిగ వస్తుందా?" అని అడిగితే పత్తర్‌గట్టి బజారంతా విన్నది. మన దుకాణానికి పరదాలు కొనడానికి వచ్చిన ఒకామె బేరం కూడా ఆడకుండా వెళ్ళిపోయింది. అందుకని ఈ ఉత్తరం ఆటో ఇస్సాకుతో పంపుతున్నాను. రోజూ అటూ ఇటూ తిరిగేవాడే, జవాబు కూడా అతని చేతికే ఇవ్వు.

డాక్టర్ విమలాదేవి గారికి చూపించుకున్నాను. నా కిడ్నీలు సగం కూడా పనిచేయడం లేదన్నది పాత సంగతే. ఇప్పుడు నీళ్ళు ఒంట్లోనే నిలిచిపోతున్నాయని కొత్తగా నీళ్ల గోలీ రాసింది. దాంతో నీళ్ళు దిగితే సరి, దిగకపోతే ఆలోచించాలి అన్నది. ఏం ఆలోచించాలో చెప్పలేదు. పక్క గదిలో డయాలసిస్ మిషన్ల చప్పుడు మాత్రం వినిపించింది. నాకే వినిపించిందంటే చూసుకో.

మనవరాలిని తొట్టెలలో వేసే రోజుకు నా కాళ్ళు చెప్పుల్లో పట్టాలి, నా చేతులతో పిల్లను ఎత్తుకోవాలి. అంతకు మించి నాకేమీ వద్దు. చీటీలో ఎట్లా ఉందో అట్లాగే, అక్షరం తప్పకుండా గోలీ వాడుతున్నాను.

ఇట్లు,
నీ వైకుంఠం

తా.క.: ఉప్పు తగ్గించమన్నారని మన కమలకు చెప్పాను. తమ్ముడి భార్య కదా, గట్టిగా చెప్పలేం. అయినా ఆమెకు కష్టం లేదు, ఇన్నేళ్ళూ కూరలో ఉప్పు మరిచిపోతూనే ఉంది.

*

జల్‌పల్లి,
బుధవారం

హరిచందన నాయినకు నాగమణి దండాలు.

మీ ఉత్తరం అందింది. ఇస్సాకు గడప దగ్గరే నిలబడి "పెద్దసారు కాళ్ళెట్లున్నయమ్మా? ఒంటికి మంచిగ పోతుండా?" అని అడిగాడు. మీరు దాచిన రహస్యం స్పీకర్ లేకుండానే జల్‌పల్లి చేరింది.

అన్నీ రాశారు, అసలుది రాయలేదు. గోలీ వేసుకున్నాక మూత్రం ఎక్కువైందా, లేదా? మీరు రాయలేదంటే కాలేదనే అర్థం. మీతో కాపురం నిన్న మొన్నటిది కాదు.

కూరలో ఉప్పు తగ్గింది సరే. పక్కన వేసుకునే ఆవకాయ మాటేమిటి? అప్పడం మాటేమిటి? చాయ్‌లో ముంచుకునే బిస్కెట్‌లో ఉప్పు లేదా? డాక్టరమ్మ తగ్గించమన్నది కమల చేతి ఉప్పు కాదు, మీ కడుపులోకి పోయే ఉప్పు.

పాపకు స్నానం చేయిస్తున్నా మీ కాళ్ళే కళ్ళ ముందు ఉంటున్నాయి. నాకు భయంగా ఉంది. నిజం రాయండి.

ఇట్లు,
నాగమణి

తా.క.: పాప తడిపిన గుడ్డలు ఆరేయడానికి తీగ చాలడం లేదు. ఆ కిడ్నీలు ఎవరి పోలికో గాని, మీ పోలిక మాత్రం కాదు.

*

శాలిబండ,
సోమవారం

నాగమణికి వైకుంఠం దిగులుగా రాసేది.

నిజం రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. గోలీ పనిచేయడం లేదు. వాపు మోకాళ్ళ దాకా వచ్చింది. తూకం పెరిగింది. మెట్లెక్కితే ఆయాసం. ఆవకాయ జాడీ కమల ఎక్కడో దాచేసింది, నేను వెతికిన మాట నిజమే గాని దొరకలేదు. ఇక ఉప్పు తప్పు కూడా లేదు. అలసిపోయిన కిడ్నీని గోలీతో కొట్టి లేపడం ఏమిటని నాకు మొదటి నుంచీ అనుమానమే.

ఇక్కడ ఇంకో వింత. మన పక్క దుకాణం గాజుల రామ్‌చందర్‌కు ఏదో రోగం పట్టుకుంది. కూర్చున్నవాడు కూర్చున్నట్టే లేచి పరుగెత్తుతున్నాడు. నిన్న ఒకావిడకు గాజులు సగం ఎక్కించి, చెయ్యి గాలిలోనే వదిలేసి, "భాయ్, జర దుకాణం చూడు, గిప్పుడే వస్త" అని మాయమయ్యాడు. షుగరేమోనని పరీక్ష చేయించుకుంటే అదీ లేదట. "ఏంది భాయ్ గీ లొల్లి, తాగినదానికంటె పోయేదే ఎక్కువున్నది" అని నా దగ్గర ఏడుస్తాడు. నాకు రాక ఏడుపు, అతనికి ఆగక ఏడుపు.

నా కిడ్నీలు పోయినట్టే నాగమణీ. తొట్టెల వేడుక నా కోసం ఆపవద్దు. ఉబ్బిన ముఖంతో రొప్పుతూ వచ్చే తాతను చూస్తే పసిపిల్ల జడుసుకుంటుంది.

ఇట్లు,
వైకుంఠం

తా.క.: నీకోసమని నీలం రంగు పరదా గుడ్డ ఒకటి బీరువాలో పెట్టాను. నేను లేకపోయినా కుట్టించుకో. మన కిటికీకి బెత్తెడు తక్కువ రావచ్చు, తిట్టుకోకు.

*

జల్‌పల్లి,
మంగళవారం

హరిచందన నాయినకు నాగమణి ఏడుస్తూ రాసేది.

నేను లేకపోయినా అని ఇంకోసారి రాస్తే ఆ పరదా మీ ముందే చింపుతాను. మీ ఉత్తరం బిడ్డ చదివింది. ఒళ్ళో పిల్లను పెట్టుకుని "నా కిడ్నీ ఇస్త నాయినకు" అని మొదలుపెట్టింది. "పచ్చి బాలింతవు, నువ్వు కూర్చో, ముందు నాది చూస్తరు" అన్నాను. అల్లుడు నాదీ ఉందన్నాడు. తొట్టెలకు బంతిపూలు ఎన్ని తేవాలో మాట్లాడుకోవాల్సిన ఇంట్లో కిడ్నీల పంపకం జరుగుతోంది.

నాకు ఒక్కటే అనుమానం. అసలు గోలీ మింగుతున్నారా? పోయిన ఏడు మీ బీపీ గోలీలు దిండు గలీబులో దొరికాయి, మరిచిపోలేదు. పాప మీద ఒట్టు వేసి రాయండి. ఎక్కడ, ఎప్పుడు, ఎట్లా వేసుకుంటున్నారు?

ఇట్లు,
నాగమణి

తా.క.: మీకు రావలసింది రామ్‌చందర్ అన్నకు వస్తున్నట్టుంది. అడ్రసు ఎక్కడ తప్పిందో కనుక్కోండి.

*

శాలిబండ,
బుధవారం

అనుమానాల నాగమణికి వైకుంఠం కోపంగా రాసేది.

పాప మీద ఒట్టు. రోజూ పొద్దున హోటల్‌లో, రామ్‌చందర్ సాక్షిగా, నీళ్ల గోలీ వేసుకుంటున్నాను. చీటీలో డాక్టరమ్మ స్పష్టంగా 1×2 అని రాసింది. దుకాణంలో పరదా కొలత 7×4 అని రాస్తే ఏడు బై నాలుగు అని చదువుతాం. ఇది కూడా అంతే, వన్ బై టూ. అంత చదువుకున్న ఆవిడ మన హోటల్ భాషలో రాసినందుకు నాకు ఎంతో గౌరవం కలిగింది.

నేనూ రామ్‌చందరూ పెళ్ళిళ్ళు కాక ముందు నుంచీ చాయ్ వన్ బై టూనే తాగుతాం. ఇప్పుడు గోలీ కూడా సాసర్లో పెట్టి రెండుగా విరుస్తున్నాను. సగం నాకు, సగం అతనికి. మొదట "నాకేం రోగం భాయ్, నేనెందుకు మింగాలె?" అన్నాడు. "డాక్టరే ఇద్దరికి రాసింది, ఫికర్ చెయ్యకు" అన్నాను. ఒక్క రోజు మానకుండా మింగుతున్నాడు. తన రోగంతో తాను చస్తూ కూడా నాకు తోడున్నాడు. అట్లాంటి స్నేహితుణ్ణి పెట్టుకుని నేను దొంగతనంగా గోలీలు పారేస్తానా?

ఇట్లు,
వైకుంఠం

తా.క.: నిన్న అతనికి కళ్ళు తిరిగి గాజుల డబ్బాల మీద పడబోయాడు. అయినా ఈ పొద్దున నా గోలీలో తన సగం తాను మింగాడు. నువ్వు కట్టుకున్నదానివై ఉండి నన్ను అనుమానిస్తున్నావు.

*

జల్‌పల్లి,
గురువారం

ఓ మహానుభావా,

మీ ఉత్తరం పట్టుకుని ఇస్సాకు ఆటోలోనే డాక్టరమ్మ దగ్గరకు పరుగెత్తాను. ఆమె చదివి నవ్వింది, తర్వాత నవ్వు ఆపి కోప్పడింది. 1×2 అంటే ఒక గోలీ, రోజుకు రెండుసార్లు. ఇద్దరు మనుషులు కాదు! రామ్‌చందర్ అన్నను ఈ క్షణమే ఆపమనండి. ఒంట్లో నీళ్ళతో పాటు లవణాలు కూడా పోయి ఉంటాయి, ఇవాళే రక్తపరీక్షకు రమ్మన్నది.

గోలీ కిడ్నీని కొట్టి లేపేది కాదట. బాగుచేసేదీ కాదట. మూత్రంలో పోవలసిన ఉప్పును కిడ్నీ మళ్ళీ లోపలికి లాక్కుంటుంది, గోలీ ఆ లాగుడును ఆపుతుంది. ఉప్పు బయటికి పోతే దాని వెంటే నీళ్ళూ పోతాయి. అయితే గోలీ రక్తంలో కలిసి కిడ్నీ గొట్టాల దాకా చేరితేనే ఆ పని. మీ కిడ్నీలు బలహీనం కాబట్టి అక్కడికి చేరేది కొంచెమే. చాలినంత చేరకపోతే వేసుకున్నా వేసుకోనట్టే. అందుకే మామూలు మనిషి కంటే మీకు ఎక్కువ రాస్తారట. సగం గోలీ మీకు సగం పనిచేయదు, అసలు పనే చేయదు. రామ్‌చందర్ అన్నవి గట్టి కిడ్నీలు, ఆయనకు ఆ సగమే మస్తు అయింది.

పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, నిండు గోలీలు వేసుకోండి. దీనికీ నీళ్ళు దిగకపోతే అప్పుడు డయాలసిస్ మాట మాట్లాడదాం అన్నది. నా భయం ఇంకా పోలేదు. తొట్టెల వచ్చే వారం ఆదివారం. మీరు రాలేకపోతే పిల్లనూ తొట్టెలనూ అక్కడికే తెస్తాను. మీరు లేకుండా ఆ పిల్లకు పేరు పెట్టను.

ఇట్లు,
నాగమణి

తా.క.: మీకు బీపీ గోలీలు కూడా ఉన్నాయి కదా. వాటిలో ఎవరెవరికి వాటా ఉందో కూడా రాయండి.

*

జల్‌పల్లి దారిలో, ఎవరో కోటేశ్వరమ్మ గారి ఇల్లు,
ఆదివారం

నా నాగమణికి వైకుంఠం తొందరగా రాసేది.

ముహూర్తం కొంచెం ఆపించు. వస్తున్నాను. నిండు గోలీ మొదలుపెట్టిన నాడే మధ్యాహ్నానికి లోపల ఏదో కదిలింది. ఆ తర్వాత నా దుకాణం రామ్‌చందరే చూసుకుంటున్నాడు. అతని రక్తం బాగానే ఉందట, కళ్ళు తిరగడం లేదు. నా వాపు పాదాల దాకా దిగింది. ఇవాళ చెప్పులు వేసుకున్నాను.

పొద్దున గోలీ మింగి వెంటనే ఆటో ఎక్కడం తప్పయిపోయింది. శాలిబండ దాటకముందే ఒక హోటల్‌లో ఆగాం. తర్వాత ఒక పెట్రోల్ బంకులో. ఈ కొత్త కాలనీలోకి వచ్చేసరికి ఇక నా వల్ల కాలేదు. ఆటో ఆగీ ఆగకముందే దిగి, ఎదురుగా కనిపించిన తలుపు కొట్టాను. వెనక నుంచి ఇస్సాకు ఏదో అరిచాడు గాని నాకు వినపడలేదు.

కోటేశ్వరమ్మ గారు కోస్తా మనిషి, ఈ మధ్యే దిగారట. నేను రెండోసారి వెళ్ళి వచ్చేసరికి "ఏమైంది బాబాయిగారూ, ఒంట్లో బాగాలేదా?" అని అడిగింది. "మంచిగున్న తల్లీ. నా కిడ్నీలు ఇంకా పనిచేస్తున్నయ్" అన్నాను. అంటుంటే ఏడుపు ఆగలేదు నాగమణీ. ఇన్ని రోజులు ఎంత భయపడ్డానో నీకు కూడా సరిగ్గా రాయలేదు. ఆమె కంగారుపడి "అయ్యో, ఏడవకండీ, కావాలంటే ఇంకోసారి వెళ్ళిరండి" అన్నది.

వెళ్ళి వస్తాను. ఆ తర్వాత నేరుగా మీ దగ్గరికే.

ఇట్లు,
నీ వైకుంఠం

తా.క.: ఉత్తరం ఇస్సాకు చేతికిస్తే అతను నా చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాడు: "పెద్దసారూ, హరిచందనమ్మ ఇల్లు గిదే, ఎదురుంగనే!" రాసిన ఉత్తరం దండగ ఎందుకని పంపుతున్నాను. రోడ్డు దాటి వస్తున్నాను, తలుపులు తీసి పెట్టు. ముందు బాత్రూముది.