చిన్నమ్మ గొంతు ఉన్న యాప్

మంగళవారం, నాందేడ్

గొంతు ఆపరేషన్‌కు ముందు, ఆ తర్వాత మాట రాదని డాక్టర్లు చెప్పడంతో, చిన్నమ్మ రోజూ అనే మాటలన్నీ ఆమె చేతే ఒక యాప్‌లో రికార్డు చేయించాను. బొమ్మ నొక్కితే ఆమె గొంతే పలికేది. మొన్న ఫోన్ అప్‌డేట్ అయ్యాక యాప్ మూగబోయింది. ఈ రోజు చిన్నాయన ఆమెను వెంటబెట్టుకుని వాళ్ల ఊరు కర్ఖేలి నుంచి మా ఆఫీసుకే వచ్చాడు.

"గీ ఫోన్ల మాట ఇనవడ్తలేదు బిడ్డా. నువ్వు గిదే పని చేస్తవ్ గద, జర సూడు," అన్నాడు.

సాయంత్రం దాకా చూశాను. దాన్ని తయారుచేసిన కంపెనీ మూతపడింది. యాప్‌ను ఎలా రాశారో చూపే సోర్స్ కోడ్ ఎవరికీ ఇవ్వలేదు. రికార్డులు ఫోన్‌లోనే ఉన్నాయి, కానీ వాటిని ఎలా తెరవాలో ఆ యాప్‌కే తెలుసు. పోయినేడు మరాఠీ కీబోర్డు పాడైతే, దాని కోడ్ అందరికీ అందుబాటులో ఉంది కాబట్టి, తప్పు వెతికి నేనే సరిచేశాను. ఇక్కడా చిన్న తప్పే అయ్యుంటుంది. చూడనిస్తే కదా...

"వేరే యాప్ పెడ్త చిన్నాయనా. అది గుడ మాట్లాడ్తది."

"ఎవరి గొంతుతోని?" అన్నాడు.

ఫోన్ చిన్నమ్మ చేతికి తిరిగి ఇచ్చాను.

బయలుదేరేముందు చిన్నమ్మ నాకేసి చూస్తూ కంచం బొమ్మ నొక్కింది. ఏమీ వినబడలేదు. మళ్లీ నొక్కింది. దానికి ఉన్న మాట నాకు తెలుసు: "అన్నం తిన్నవా బిడ్డా?"

"తిన్న చిన్నమ్మా," అన్నాను.

పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. ఇప్పుడూ తినాలని లేదు.