అప్‌లోడ్ తినేస్తున్నదెవరు

అక్టోబర్ 5, ఆదివారం

ఎట్టకేలకు సర్వర్ కుదురుకుంది. నా మందుల షాపులో మూలన పడేసిన పాత కంప్యూటర్, రెండు పెద్ద డిస్కులు, నడవాలో చెప్పుల అలమర పై అర. గాలి ఆడేలా తలుపుకు చిల్లులు కొట్టించాను. టీవీలకు వైఫై వద్దు, కేబులే లాగాలని పట్టుబట్టాను. బొమ్మ ఆగకుండా రావాలంటే అంతకు మించిన దారి లేదు. మా ఆయన అనీస్‌కు పెదనాన్న కొడుకు, పై అంతస్తు లసాద్, వేసవిలోనే గది గదికీ వైరు లాగిపెట్టాడు. వైర్ల చివర పేర్లు అంటించమన్నాను. అంటించలేదు. నేనూ అంటించలేదు.

పెళ్లి క్యాసెట్లన్నీ ఫైళ్లయ్యాయి. గాబెస్‌లో ఉన్న చెల్లెలు దుర్సాఫ్ కూడా ఇక ఇక్కణ్ణుంచే చూసుకోవచ్చు. మావయ్య గదిలో టీవీకీ కనెక్షన్ ఇచ్చాను, పాత మ్యాచ్‌లు పెట్టాను. చూస్తున్నట్టు లేదు. వసంతంలో పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఆయన నోట మాట లేదు. ఒకప్పుడు ఊరి రేడియోలో ఫుట్‌బాల్ మ్యాచ్‌లకు గొంతు ఆయనదే, సీ బెషీర్ అంటే, బెషీర్ గారంటే, ఎరగనివాళ్లు లేరు.

అనీస్ అన్నాడు కదా, అందరి పెళ్లాలూ బంగారం అడుగుతారు, నా పెళ్లాం డిస్కులు అడుగుతుంది అని.

అక్టోబర్ 8, బుధవారం

దుర్సాఫ్ షాపుకే ఫోన్ చేసింది. రౌదక్కా, నీ పెళ్లి వీడియోలో పెళ్లికూతురు గడప మీద ఒంటికాలితో నిలబడిపోయిందే, లోపలికి రావడం లేదు అని.

షాపు కంప్యూటర్ నుంచే ఇంటి రౌటర్ తెరిచి చూశాను. డౌన్‌లోడ్ బాగానే ఉంది. అప్‌లోడ్ మాత్రం నిండిపోయి ఉంది. ఇంట్లోంచి ఏదో బయటికి పోతోంది, ఆగకుండా. నేను పంపడం లేదు. అనీస్ ఆఫీసులో ఉన్నాడు. ఇంట్లో ఉన్నది మావయ్య ఒక్కడే.

పొద్దు గుంకే వేళకు దానంతటదే ఆగింది.

అక్టోబర్ 11, శనివారం

మళ్లీ అదే. అదే వేళ.

జాబితాలో పేరు లేని పరికరం ఒకటి ఉంది. ఉట్టి అంకెలు, అక్షరాలు. టీవీలకు, ఫోన్లకు అన్నిటికీ నేనే పేర్లు పెట్టుకున్నాను. ఇది నాది కాదు.

పాస్‌వర్డ్ తెలిసిన బయటివాడు ఒక్కడే, లసాద్. తన కనెక్షన్ డబ్బు మిగుల్చుకుని మా మీద పడి ఉంటాడు అనుకున్నాను. పాస్‌వర్డ్ మార్చేశాను. అనీస్‌కు కూడా చెప్పలేదు. వైఫై రావడం లేదని అరగంటలో ఆయనే ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. పైనుంచి ఎవరూ రాలేదు. అదే నాకు నచ్చలేదు. వాడుకుంటున్నవాడైతే వచ్చి అడగాలి కదా.

అక్టోబర్ 15, బుధవారం

పాస్‌వర్డ్ మార్చినా పోతూనే ఉంది.

అంటే వైఫై కాదు. కేబుల్. అంటే పరికరం మా గోడల లోపలే ఉంది.

షాపులో ఒక ముసలామెకు దగ్గు మందు బదులు వేరేది అందించబోయాను. ఆమే చూసి చెప్పింది.

అంతగా అప్‌లోడ్ తినేది ఏమిటి? ఆలోచిస్తే ఒక్కటే తోస్తోంది. వీడియో. మా ఇంట్లోంచి ఎవరో వీడియో పంపుతున్నారు.

అక్టోబర్ 16, గురువారం

ఇంట్లో పడి ఉండాల్సిన మా పాత ల్యాప్‌టాప్ ఏమైందని అనీస్‌ను అడిగాను. లసాద్ తీసుకెళ్లాడు, ఏదో పనికొస్తుందట అన్నాడు. ఎప్పుడు అంటే, వేసవిలో, వైర్లు లాగిన వారమే అన్నాడు. వైర్లు లాగినవాడు వాడు. పడకగది గోడకు రంధ్రం వేసినవాడు వాడు. మేం పనులకు పోతే మావయ్యను చూడ్డానికని తాళంచెవి ఇచ్చింది కూడా వాడికే.

అనీస్ నవ్వేశాడు. రౌదా, మందుల షాపులో కూర్చుని కూర్చుని నీకు ప్రతి మనిషిలో జబ్బే కనిపిస్తోంది అన్నాడు.

పైకి వెళ్లాను. తలుపు లసాద్ భార్య తీసింది. వెనకే వాడు వచ్చాడు. నేరుగా అడిగాను, మా ఇంట్లో కెమెరా పెట్టావా అని. ఆమె మొగుడి మొహం చూసింది. వాడి మొహంలో నెత్తురు లేదు. వదినా, నీ చేతి కుస్కుస్ తిన్నవాణ్ణి, నా మీద అంత మాట అనకు అన్నాడు. అయితే అప్‌లోడ్ సంగతి చెప్పు అన్నాను. నేల చూశాడు. అదొక్కటీ నన్నడగకు అన్నాడు.

చేయనివాడైతే చేయలేదంటాడు. అడగకు అంటాడా?

తాళంచెవి ఇచ్చేయమన్నాను. ఇచ్చేశాడు.

అక్టోబర్ 17, శుక్రవారం

పడకగదిలో మేకు రంధ్రాలన్నిటికీ ప్లాస్టర్ అంటించాను. బట్టలు స్నానాలగదిలోనే మార్చుకుంటున్నాను.

అక్టోబర్ 18, శనివారం

షాపు అసిస్టెంట్‌కు అప్పగించి మధ్యాహ్నం భోజనాల వేళకే ఇంటికొచ్చేశాను. ఎవరికీ చెప్పలేదు. చప్పుడు కాకుండా తాళం తీశాను. అలమర దగ్గర నేల మీద కూర్చుని, ఫోన్‌లో రౌటర్ పేజీ పెట్టుకుని కనిపెట్టుకుని ఉన్నాను. కొంతసేపటికి అప్‌లోడ్ లేచింది.

పేర్లు లేని వైర్లు. ఒక్కొక్కటే పీకాను. మొదటిది, ఏమీ కాలేదు. రెండోది, ఏమీ కాలేదు. మూడోది పీకగానే అప్‌లోడ్ సున్నాకు పడిపోయింది.

ఆ వైరు వదల్లేదు. చేత్తో తడుముకుంటూ గోడ వెంట వెళ్లాను. నడవా దాటింది. తివాచీ కిందికి దూరింది. మావయ్య గది గడప దగ్గర లోపలికి పోయింది.

తలుపు వేసి ఉంది. లోపల మగగొంతు.

మావయ్య గొంతు కాదు. మావయ్యకు గొంతు లేదు. ఎవడో ఆయన గదిలో ఉన్నాడు, నోరు లేని మనిషి పక్కన కూర్చుని ఎవరితోనో మాట్లాడుతున్నాడు. గొడుగు చేతికి తగిలింది, తీసుకున్నాను. తలుపు తోశాను.

మావయ్య ఒక్కడే. కిటికీ దగ్గర కుర్చీలో, తలకు హెడ్‌సెట్. ఒళ్లో మా పాత ల్యాప్‌టాప్. కిటికీ గట్టు మీద చిన్న కెమెరా, ఎదురుగా బడి మైదానం వైపు తిరిగి. అక్కడ పిల్లలు ఫుట్‌బాల్ ఆడుతున్నారు. ఆయన చెబుతున్నాడు. మాటలు ఒకవైపుకు ఒరిగిపోతున్నాయి, కొన్ని సగంలో విరిగిపోతున్నాయి, అయినా ఆగడం లేదు. ఎర్ర చొక్కా పొట్టివాడు, బం, బంతి పట్టాడు, వదల్లేదు, ఇదిగో గోల్‌కీపర్ నిద్ర, నిద్రపోతున్నాడు, కొట్టరా నాయనా అని. రేడియోలో విన్న గొంతే. తడబడుతున్న అదే గొంతు.

నన్ను చూశాడు. గొడుగు చూశాడు. తెర చూసుకున్నాడు. కనెక్షన్ పోయిందని అప్పుడే తెలిసింది ఆయనకు.

నువ్వు తీ, తీశావా అన్నాడు.

తల ఊపాను.

రెండో సగం మొదలైంది, వాళ్లు కాచుకుని ఉన్నారు, పోయి పెట్టు అన్నాడు. ఆ ఒక్క వాక్యం అనడానికి మైదానంలో ఒక దాడి అటునుంచి ఇటు వచ్చి వెళ్లిపోయింది. నేను పరిగెత్తి పెట్టాను. తర్వాత అలమర దగ్గరే కూర్చుండిపోయాను.

సాయంత్రం, తరువాత

అన్నీ అమర్చి ఇచ్చింది లసాదేనట. వినేవాళ్లు పట్టుమని పదిమంది లేరు. అంతా పాత శ్రోతలు. ఒకాయన కెర్కెన్నా దీవిలో జాలరి, కాలు విరిగి మంచాన ఉన్నాడట. మ్యాచ్ మధ్యలో గొంతు ఆగిపోతే, సీ బెషీర్, ప్రాణంతో ఉన్నావా అని రాశాడు. మావయ్య చూపించాడు.

మరి మాతో ఎందుకు మాట్లాడవు అని అడిగాను. ఆయన చెప్పిందాన్ని నేను సరిచేయకుండా రాస్తున్నాను. నేను మాట, వెతుక్కునే లోపల, మీరే, ఇచ్చేస్తారు. అనీస్ ఇచ్చేస్తాడు. నువ్వు ఇచ్చేస్తావు. అక్కడ ఎవరూ, ఇవ్వలేరు.

అక్టోబర్ 19, ఆదివారం

మక్రూద్ మిఠాయి పళ్లెం, తాళంచెవి పట్టుకుని పైకి వెళ్లాను. లసాద్ గడప మీదే నిలబడ్డాడు. లోపలికి రమ్మనలేదు.

అడిగాను, ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది కదా అని. వదినా, ఆస్పత్రి నుంచి వచ్చాక బాబాయి నోరు తెరిచి నాతో అన్న మొదటి మాట ‘చెప్పకు’. దాన్నెలా దాటను అన్నాడు.

క్షమించమన్నాను. తాళంచెవి తీసుకున్నాడు. పళ్లెం తీసుకోలేదు. కెమెరా మాట మా ఆవిడ ముందు అనకుండా ఉండాల్సింది, ఇప్పటికీ నన్ను అదోలా చూస్తోంది అన్నాడు. అది నేనే వెళ్లి ఆమెకు చెప్పాలి. ఇవాళ ధైర్యం చాలలేదు, రేపు చెబుతాను.

రౌటర్‌లో మావయ్య ల్యాప్‌టాప్‌కు మొదటి వరస ఇచ్చాను. ఆయన మాట్లాడేటప్పుడు దుర్సాఫ్ బొమ్మ ఆగితే ఆగనీ.

అక్టోబర్ 26, ఆదివారం

భోజనాల దగ్గర మావయ్య చెయ్యి చాచాడు. నోరు తెరిచాడు. అనీస్ ఉప్పు డబ్బా అందుకోబోయాడు. బల్ల కింద అతని కాలు తొక్కాను. చేపల పులుసు చల్లారింది. ఎవరం కదల్లేదు.

నిమ్మకాయ అన్నాడు.