పద్నాలుగో వరుస కొట్టివేయమని

కోలిన్ మెకార్డిల్ గారికి,
అటవీ రక్షకులు, క్రాంబీ జలపాతం.

అయ్యా,

విషయం: గేటు వద్దనున్న నడకదారి పుస్తకము, నేటి పుట, పద్నాలుగవ వరుసలో "క్షేమముగా తిరిగి వచ్చితిమి" అని ఉన్నది అబద్ధమగుట, దానిని కొట్టివేయవలెనని ప్రార్థన.

క్రాంబీ కౌన్సిలులో ముప్పదియొక్క సంవత్సరములు గుమాస్తాగా పనిచేసి విరమించిన లెస్లీ ప్రోబర్ట్ మనవి చేసుకొనునది ఏమనగా:

1. సదరు వరుసలో నేనును నా భార్య డల్సీయును ఉదయం 10 గంటలకు బయలుదేరి, మధ్యాహ్నం 2 గంటలకు తిరిగి వచ్చినట్లు నా చేవ్రాలుతో ఉన్నది. రెండు గడులూ పదింటికే నింపితిని. ఇప్పుడు మూడుంబావు. మేము రాలేదు. నేనొక్కణ్ణే వచ్చాను.

2. ఇట్లు ముందే నింపుట ఊరందరి అలవాటు. రెండేళ్ల కిందట ఉన్ని కత్తిరించే క్లారీ తిరిగివచ్చి సంతకం మరచిపోగా, ఊరంతా అడవి గాలించుట, తీరా ఆయన పబ్బులో బీరు తాగుతూ దొరుకుట తమకు ఎరుకే. ఆ నవ్వులాట మనకెందుకని అప్పటినుండి అందరమూ పుస్తకంలో వెళ్లేటప్పుడే వచ్చేస్తున్నాము. పొద్దున డల్సీ అననే అంది: "ఏవయ్యా, ఇంకా గేటు దాటలేదు, అప్పుడే వచ్చేశామా? ఆలు లేదు చూలు లేదు అన్నట్టుంది నీ వరస!" "అందరూ రాసేదేలే, నడువు" అన్నాను. నలభై రెండేళ్ల కాపురంలో ఒక్కసారి ఆమె మాట విని ఉంటే నా సొమ్మేం పోయేది?

3. జలపాతం కింద, వాగు నడుమ బల్లపరుపు రాయిపై కూర్చుండి టీ తాగితిమి. ఫొటో తీయుటకై నేను గట్టుకు వచ్చితిని. పైన కొండల్లో ఎక్కడ కురిసిందో ఏమో, ఇక్కడ చుక్క వాన లేకుండా ఎర్రనీళ్లు వచ్చిపడ్డాయి. దాటే రాళ్లు మునిగిపోయాయి. ఆమె మధ్యలో ఉండిపోయింది. ఫ్లాస్కు తన కాళ్ల కింద, ఆ రాయికే ఉన్న మెట్టు మీద పెట్టి, "ఇది కదిలితే అప్పుడు ఏడుద్దువుగానిలే" అని నవ్వింది. కాసేపటికి ఫ్లాస్కు లేదు. ఆమె నవ్వడం మానేసింది. నేను బూట్లు విప్పబోతే అరిచింది: "దూకావంటే చంపేస్తా లెస్! నీకు ఈత రాదు! పోయి కోలిన్‌ని పట్టుకురా!" అదే నేను విన్న ఆఖరి... కాదు, ఆఖరిది అని రాయను.

4. ఇచ్చట ఫోనుకు సిగ్నలు లేదు. బండి, నీడ కోసమని, మలుపు అవతల పాత రంపపు మిల్లు దగ్గర పెట్టితిమి; గేటు నుండి అది తమకు కనబడదు. తాళం డల్సీ సంచిలో ఉన్నది. సంచి ఆ రాయి మీద ఉన్నది. ఊరు పందొమ్మిది కిలోమీటర్లు. తమరు అయిదింటికి వచ్చి, "తిరిగి వచ్చితిమి" అను ఆఖరి గడి మాత్రం చూచి, అన్నీ నిండి ఉంటే గేటు మూసి వెళ్లుదురు. తప్పు తమది కాదు. ఆ గడి గీసినది నేనే. "అధికారి అనుమతి లేని కొట్టివేతలు చెల్లవు" అని మొదటి పుటలో వ్రాసినదీ నేనే. అందువలన ఈ అర్జీ. తొందరలో వ్రాయుచున్నాను, దస్తూరీకి మన్నించండి.

5. గేటుకు కట్టిన తాడు విప్పుకొని పోవుచున్నాను. ప్రభుత్వ ఆస్తి అని ఎరుగుదును.

అయిదింటిదాకా ఇక్కడ కూర్చోవడం నా వల్ల కాదు. ఆమె అక్కడ ఒక్కతే, గట్టు వైపే చూస్తూ ఉంటుంది. కావున తమరు దయయుంచి పద్నాలుగవ వరుసను రద్దుచేసి, తాళ్లతోను మనుషులతోను జాగు లేక బయలుదేరవలెనని వేడుకొనుచున్నాను. చిత్తగించవలెను.

తమ విధేయుడు, ఒకప్పుడు తమకు ఈ పుస్తకం పని నేర్పినవాడు,
లెస్లీ ప్రోబర్ట్

తా.క. కోలిన్, నాయనా, పైదంతా తర్వాత చదువుకో. ముందు పరిగెత్తు. పదిహేనో వరుసలో మా ఇద్దరి పేర్లూ మళ్లీ రాశాను. నువ్వు చూసే ఆ ఆఖరి గడి ఖాళీగా వదిలాను. నాకు భయంగా ఉందిరా. అది ఖాళీగా ఉన్నంతసేపూ మమ్మల్ని వెతుకుతూనే ఉండు.