విస్తట్లో ఇచ్చిన మాట

మస్కట్,
శుక్రవారం.

చిరంజీవి శ్రీనుని అక్క దీవించి రాస్తున్నది.

నేనిక్కడ క్షేమంగా ఉన్నాను. అమ్మ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? పద్మ, పిల్లలు బాగున్నారా? చిన్నదానికి జ్వరం తగ్గిందన్నావు, మళ్ళీ రాలేదు కదా? నా ఒళ్ళు బాగానే ఉంది. బాగాలేనిది నా మనసు, అదీ నీ పుణ్యమే.

ఫోన్ ఉండగా ఉత్తరమేంటని నవ్వుకుంటావు. మన ఇంట్లో ఫోన్ ఎప్పుడూ స్పీకర్‌లోనే ఉంటుంది. నేను నోరు తెరిచేసరికి అమ్మ, పద్మ, ఒక్కోసారి మీ మామగారు కూడా వింటూ ఉంటారు. ఆయన "కులాసాయేనా అమ్మా" అని ఒక్క మాట అడిగితే చాలు, నా కోపం గొంతు దాటి రాదు. అందుకే రాసి పంపిస్తున్నాను. మంగ అని, ద్రాక్షారామం వైపు పిల్ల, మా పక్కింట్లో పని చేస్తుంది. సెలవు మీద వస్తోంది. నీ చేతికే ఇమ్మన్నాను.

ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. పొద్దున్న ఏడింటికే గుమ్మం బయట కాలు పెట్టలేం. మా మేడమ్ అత్తగారు వచ్చి నెల రోజులైంది. ఆవిడ వచ్చాక వంట రెట్టింపైంది. పెద్ద పళ్ళెంలో అన్నం, దాని మీద మాంసం, అందరూ చుట్టూ కూర్చుని తింటారు. నాకూ పెడతారు, లోటు లేదు. కానీ నాలుగు మెతుకుల్లో చారు పోసుకుంటేగాని నాకు తిన్నట్టుండదు. రాత్రి పని అయ్యాక మాట్లాడడానికి మనిషి ఉండదు. అయినా బాగానే ఉన్నాను, నా గురించి బెంగ పెట్టుకోకండి.

ఇక అసలు సంగతి. పోయిన ఆదివారం నువ్వు ఫోన్‌లో చెప్పింది విన్న దగ్గర్నుంచి నాకు ముద్ద దిగడం లేదు. పద్మ పెదనాన్నగారి కొడుకు సూరిబాబు రొయ్యల చెరువు లీజుకి తీసుకుంటున్నాడట. రాజమండ్రిలో ఎవరో అప్పిస్తారట. హామీ కింద మన ఐదు సెంట్ల స్థలం కాగితాలు పెట్టి సంతకం చేస్తానని నువ్వు మాటిచ్చేశావట. ఎందుకిచ్చావురా అని అడిగితే ఏమన్నావు?

"కాదనలేకపోయానక్కా. భోజనానికి పిలిచి, విస్తట్లో ఉండగా అడిగారు."

విస్తట్లో ఉండగా అడిగారట! పనసపొట్టు కూర వడ్డించారు, పూర్ణాలు వడ్డించారు, వద్దంటున్నా నెయ్యి పోశారు, ఇంకొక్కటి అంటూ మరో పూర్ణం వేసి నా స్థలం అడిగారు. నువ్వు తలూపావు. ఒరేయ్, నేను తొమ్మిదేళ్ళు ఎవరింట్లోనో అంట్లు తోమితే వచ్చిన స్థలంరా అది. పూర్ణాలకి ఇంత ఖరీదు నేనెక్కడా వినలేదు.

సూరిబాబు మంచివాడు కాడని నేననడం లేదు. చూసినప్పుడల్లా వదినగారూ అంటూ లేచి నిలబడతాడు. కానీ ఆ చెరువుకి జబ్బొస్తే రొయ్యలకి మర్యాద తెలుస్తుందా? ఒక్క పంట పోతే అప్పిచ్చినవాళ్ళు అతని దగ్గరికి ఒకసారి, నీ దగ్గరికి పదిసార్లు వస్తారు. హామీ సంతకమంటే సాక్షి సంతకం కాదు. అతను కట్టకపోతే నేను కడతానని రాసివ్వడం. ఎరువుల కొట్లో గుమాస్తాగా ఉండి రోజూ అప్పు చిట్టాలు రాసే నీకు ఇది నేను చెప్పాలా? నిజంగా అంత నమ్మకమున్న వ్యాపారమైతే సూరిబాబు తన కొబ్బరి తోట కాగితాలు ఎందుకు పెట్టడం లేదో అడిగావా? అడగలేదు. పెరుగు వడ్డిస్తుంటే అడగడం బాగుండదు కదా.

నాన్న కూడా ఇలాగే చేశారు. నీకప్పుడు ఊహ లేదు. పక్కింటి ధాన్యం వ్యాపారి అప్పుకి నాన్న హామీ ఉన్నారు. వ్యాపారం దెబ్బతింది, మన అరెకరం పోయింది. ఆ తరవాత కూడా ఆయన ఎదురైతే నాన్నే ముందు నమస్కారమండి అనేవారు. ఒక్కసారైనా అడగమని అమ్మ ఏడిస్తే, "పాపం ఆయనే బాధలో ఉన్నాడు, ఇప్పుడేం అడుగుతాం" అన్నారు. నాన్న పోయిన రోజు ఆ పెద్దమనిషి పూలదండ తెచ్చి మీద వేశాడు. నేను అప్పుడే ఆ దండ తీసి అవతల పారేయాల్సింది. చుట్టూ జనం ఉన్నారని ఊరుకున్నాను. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. ఆ అరెకరం ఉండుంటే నేను ఈ దేశం రావలసిన పనే లేదు.

నీ బుద్ధి నాకు తెలియనిది కాదు. నిరుడు మీ మరదలి పెళ్ళిలో చదివింపులు తక్కువైతే బాగుండదని పద్మ గొలుసు తాకట్టు పెట్టావు. అది ఇప్పటిదాకా విడిపించలేదు, వడ్డీ మాత్రం నెలనెలా పోతోంది. ఎదురింటివాళ్ళు కొన్నారని వాయిదాల మీద గోడంత టీవీ తెచ్చావు. అమ్మని ఆస్పత్రిలో చేర్చిన రోజు ఇంట్లో రెండు వేలు లేక నాకు ఫోన్ చేశావు. అప్పుడు టీవీ గోడ మీద ఉంది, గొలుసు కొట్లో ఉంది. నీ దగ్గర ఉన్నది మంచివాడన్న పేరొక్కటే. ఆస్పత్రివాళ్ళు దాన్ని తీసుకోరు శ్రీనూ.

కాదంటే ఏమైపోతుందోనని భయపడతావు. ఏమీ అవ్వదు, నేను చూశాను. ఇక్కడ తుని నుంచి వచ్చిన రమణమ్మగారని ఉన్నారు. మనకంటే పెద్దావిడ. రెండేళ్ళ కిందట కొడుకు బండికని చేబదులు తీసుకున్నారు. ఇవ్వలేదు, నేనూ అడగలేదు. ఆమధ్య మళ్ళీ రెండు నెలల జీతం సర్దమన్నారు. ఈసారి "కుదరదండి" అన్నాను. కారణాలు చెప్పలేదు, చెబితే ఒక్కోదానికీ ఆవిడ దగ్గర జవాబుంటుంది. మేం కలిసేది శుక్రవారం సెలవునాడే, మూడు శుక్రవారాలు నాతో మాట్లాడలేదు. నాలుగో శుక్రవారం తనే వచ్చి, తలనొప్పి మాత్ర ఉందా సత్యవతీ అని అడిగారు. అంతే. దీనికోసమా మనింట్లో తరతరాలుగా ఆస్తులు పోగొట్టుకున్నారు అనుకున్నాను.

నువ్వూ అలాగే అను. మాటిచ్చాక ఎలా అంటావేమో. నీది కాని దాని మీద నువ్విచ్చిన మాట చెల్లదు. అనలేకపోతే నామీద తోసెయ్. స్థలం అక్కది, అక్క ఒప్పుకోలేదు అని చెప్పు. గయ్యాళి అంటారు, అననీ. ఇకమీదట కూడా ఎవరేమడిగినా అక్కడికక్కడే తలూపకు. రేపు చెబుతానండి అని ఇంటికి రా, పద్మతో మాట్లాడు. ఎవరి పెళ్ళికైనా నీకున్నంతే చదివించు. టీవీ వాయిదాలు అయ్యాక మరొకటి మొదలుపెట్టకుండా ముందు గొలుసు విడిపించు.

ఇంతకీ తప్పంతా నీ మీద వేసి నేను తప్పించుకోను. ఆ స్థలం కొన్నప్పుడు, నువ్వు ఊళ్ళో ఉండవు కదమ్మా, తమ్ముడి పేరున రాయించేద్దాం అని మీ మామగారన్నారు. నా పేరునే ఉండనివ్వండి, సెలవులో వచ్చి రాయించుకుంటానని నా నోటిదాకా వచ్చింది. తమ్ముణ్ణి నమ్మడం లేదనుకుంటారని సిగ్గుపడి సరేనన్నాను. నేను చేసిన పెద్ద తప్పు అదే. నాన్న కూతుర్నే కదా, ఆ బుద్ధి ఎక్కడికి పోతుంది?

అందుకని మేడమ్‌ని అడిగి పదిహేను రోజులు సెలవు తీసుకున్నాను. వచ్చే నెల మొదటి సోమవారం దిగుతాను. ఆ స్థలం నా పేరున దానపత్రం రాసిస్తున్నావు. ఖర్చులు నావి. కాగితాలు అప్పటిదాకా పద్మ బీరువాలో ఉండాలి, తాళం పద్మ దగ్గరే ఉండాలి. ఈ ఉత్తరం పద్మకి కూడా చూపించు. తన పుట్టింటివాళ్ళని అన్నానని బాధపడితే, వదిన కోపం స్థలం మీదే, తన మీద కాదని చెప్పు.

అమ్మ కాళ్ళకి నా దండాలు చెప్పు, నా క్షేమం కోరి దేవుడికి దణ్ణం పెట్టుకోమను. మీ మామగారికి, అత్తగారికి నమస్కారాలు. పిల్లలకి ముద్దులు. మంగ తిరిగొచ్చేటప్పుడు చల్లమిరపకాయలు ఒక పొట్లం ఇచ్చి పంపండి, ఎక్కువ వద్దు.

దిగిన రోజు నేను మన ఇంటికి రాను. నేరుగా రిజిస్ట్రారు ఆఫీసుకి వస్తాను, నువ్వూ అక్కడికే రా. ఆ రోజు వంట చేసి ఎదురుచూడొద్దని అమ్మకీ పద్మకీ చెప్పు. వాళ్ళకి కోపం వచ్చినా సరే. నీ సంతకం అయ్యేదాకా నేను మీ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టను. పద్మ నాకు పీట వేసి కూర్చోబెట్టి నాలుగు ముద్దలు పెట్టిందంటే, ఆ తరవాత సంతకం పెట్టమని నీ మొహం చూసి నేను అడగలేను.

నీ మేలు కోరే అక్క,
సత్యవతి