యాంటెన్నా గడ దించరాదు

టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరై, అరవై ఎనిమిదేళ్ల వయసులో, వచ్చే వారం గుండె ఆపరేషనుకు వెళ్లబోతున్న నేను, పూర్తి తెలివితో, స్థిరచిత్తంతో, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, స్వదస్తూరీతో రాసుకుంటున్న వీలునామా ఇది. నా మతి స్థిమితంగా ఉందని డాక్టరు ఇచ్చిన సర్టిఫికెట్ జతపరిచాను. అది చాలనివాళ్లకు ఇంకో రుజువు: ఈ పొద్దుటే యాంటెన్నా కేబుల్ కొసకు కొత్త కనెక్టర్ సోల్డర్ చేశాను. టంకం అద్దంలా మెరుస్తోంది. అనుమానం ఉన్నవాళ్లు వచ్చి చూసుకోవచ్చు.

ఈ కాగితం అవసరం ఎందుకొచ్చిందో ముందే చెబుతాను. ఆపరేషను సంగతి తెలిసిన రోజు మా ఆయన కంచం ముందు కూర్చుని, అన్నం కలపకుండానే, "నీకేమన్నా అయితే ఆ గడ దించేస్తా. నా రేడియో సెట్టు కూడా మూటగట్టి అటకెక్కిస్తా. ఇంకెందుకవన్నీ?" అన్నారు. ఆయన టైలరు. గుడ్డ మీద కత్తెర పెట్టారంటే కత్తిరించినట్టే. ఆ మనిషి రేడియో ముందు తప్ప నోరు విప్పి నాలుగు మాటలాడడు. గడ దిగితే ఆయన మాట కూడా దిగిపోతుంది. నేనుండగా గానీ, పోయాక గానీ అది జరగనివ్వను.

ఒకటి. మేడ మీది ముప్పై అడుగుల గడ, దానికి కట్టిన తీగ యాంటెన్నా, కిందికి దిగే కేబుల్ నా స్వార్జితం. ఈ ఇంట్లో మొదట హ్యామ్ లైసెన్సు, అంటే ఇంట్లోంచే రేడియోలో ఊరూరి వాళ్లతో మాట్లాడుకునే అనుమతి, తెచ్చుకున్నది నేను. గోడ అవతల మిషను తొక్కుతూ నా కబుర్లు విని విని, "అదేదో నేనూ చూస్తా" అని మా ఆయన కూడా పరీక్షకు కూర్చున్నారు. నాకంటే రెండు మార్కులు ఎక్కువ వచ్చాయని ఇప్పటికీ చెప్పుకుంటారు. నిజమే కాబట్టి రాస్తున్నాను. నా తదనంతరం ఈ యాంటెన్నా మా ఆయనకూ మా కోడలికీ ఉమ్మడిగా, విభజన లేకుండా చెందాలి. మరమ్మతుకు తప్ప, ఇద్దరూ సంతకం పెట్టనిదే దాన్ని దించరాదు, అమ్మరాదు, దానమివ్వరాదు. తీగను సగానికి కోసి పంచుకుంటే ఇద్దరికీ మిగిలేది బట్టలారేసుకునే తాడే.

రెండు. పాత సెట్టు కాలిన విషయంలో నా వాంగ్మూలం. ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ మా ఆయన "మా ఆవిడ నా సెట్టు కాల్చేసింది" అని చెబుతూ వచ్చారు. జరిగింది వినండి. ఒక్క యాంటెన్నాకు రెండు సెట్లూ తగిలిద్దామని, నాకు మాట మాత్రమైనా చెప్పకుండా, కుళాయికి రెండు గొట్టాలు బిగించినట్టు కేబుల్‌కు టీ జాయింటు వేశారు. నేను డ్యూటీ నుంచి వచ్చి మైకు నొక్కాను. నా సెట్టు వదిలిన శక్తి గాలిలోకి పోకుండా సగానికి సగం ఆయన సెట్టులోకి దూరింది. చీమ నడిచే చప్పుడు వినడానికి చేసిన చెవి అది. దానికి నోరు ఆనించి కేక వేస్తే ఏమవుతుందో అదే అయింది. పొగ వచ్చింది. నొక్కింది నేను, కాల్చింది జాయింటు. ఇకమీదట ఈ ఇంట్లో ఎవరూ టీ జాయింటు వేయరాదు. చుట్టాలకు కథ చెప్పేటప్పుడు ఈ పేరా చదివి వినిపించాలి.

మూడు. మీట. ఆ పొగ వాసన పోకముందే పని మొదలుపెట్టాను. ఎక్స్ఛేంజీలో రోజూ రిలే స్విచ్చులతో కాపురం చేసే చేతులకు ఇదో లెక్కా అనుకున్నాను. నాలుగు నెలలు నా తాట తీసింది. రెండు గదుల నడిమి గోడలో, పాత వెంటిలేటరు కన్నంలో, ఇటు నుంచీ అటు నుంచీ చెయ్యందేలా మీట ఉన్న పెట్టెను కూర్చోబెట్టాను. ఇటు తిప్పితే యాంటెన్నా నా గదికి, అటు తిప్పితే ఆయన గదికి. నడుమ ఉంటే ఎవరికీ కాదు, నేరుగా ఎర్తుకు. యాంటెన్నా అందని సెట్టు కేబుల్ పెట్టెలోనే ఎర్తుకు తగులుతుంది. దాని మైకు తీగ కూడా తెగిపోతుంది, వేలు నొప్పెట్టేలా నొక్కినా పలకదు. ఒకరు ప్రసారంలో ఉండగా రెండోవారు మీట తిప్పబోతే లోపలి గొళ్లెం పట్టేస్తుంది. ఆ గొళ్లెం నా సొంత ఆలోచన. మా హ్యామ్ క్లబ్బు వాళ్లు వచ్చి, మీటర్లు పెట్టి కొలిచి వెళ్లి, వారం తిరక్కుండా "మాకూ ఒకటి చేసిపెట్టండి మేడమ్" అని వచ్చారు. చేసిపెట్టాను. ఇన్నేళ్లలో నా మీట చేతిలో ఒక్క సెట్టు కాలలేదు. పిల్లాణ్ని కన్నప్పుడు కూడా నేను ఇంత గర్వపడలేదు, వాడేమీ అనుకోడు.

ఈ మీట మా కోడలిది. షరతులు: ఏడాదికోసారి ఒక వైపు నుంచి రెండో వైపుకు శక్తి కారడం లేదని కొలవాలి. మబ్బు పడితే మీట నడుమకు తెచ్చాంగదా అని కూర్చోకూడదు, రెండు సెట్ల కేబుళ్లూ విప్పి దూరంగా పెట్టాలి. పిడుగు నా గొళ్లేన్ని లెక్కచేయదు.

నాలుగు. నా సెట్టు, మైకు, హెడ్‌ఫోన్లు, నా కుర్చీ మా కోడలికి. రక్తపరీక్షల ల్యాబులో పనిచేసి అలసి వచ్చి కూడా, నా పక్కన పీట వేసుకుని నేర్చుకుంది. లైసెన్సు వచ్చి చాలా రోజులైంది. మైకు ఇస్తే మాత్రం "అత్తయ్యా, మావయ్యగారు వింటుంటే నా నోరు పెగలదు" అంటుంది. అమ్మా, ఆయన వింటారు. వినడానికే ఉన్నారు. నీ గొంతు గాలిలో బాగుంటుంది. నేను ఊరికే మెచ్చుకునే మనిషిని కానని నీకు తెలుసు.

ఐదు. మా ఆయన అక్కగారు, అంటే మా వదిన, గడ పాతిన రోజున "ఎందుకమ్మా ఇది, కాకులు వాలడానికా?" అన్నారు. వారికి నా చిన్న రేడియో ఇస్తున్నాను. దాంట్లో మాట్లాడడానికి వీలుండదు, వినడానికే. వాడకం అలవాటు చేసుకోగలరు.

ఆరు. మా అబ్బాయికి నా స్కూటరు. ఫ్యూజు తీగకూ పూసల దారానికీ తేడా తెలియని బిడ్డ. అయినా ఆసుపత్రికి నన్ను ఎన్నిసార్లు తీసుకెళ్లాడో, ఒక్కసారి కూడా గోతిలో వేయలేదు. నాన్నా, బ్రేకు వదులైంది, బిగించుకో.

ఏడు. దీన్ని అమలు జరిపే బాధ్యత మా క్లబ్బు కార్యదర్శిది. గడియారాలు రిపేరు చేసే మనిషి, తొందరపడడు.

ఎనిమిది. ఇది కోడలికి ప్రత్యేక ఆజ్ఞ. సాయంత్రం మొదటి వంతు నాది, తర్వాతది ఆయనది. నా కబుర్లు ఎప్పుడూ సాగుతాయి. అప్పుడాయన చెక్క స్కేలుతో గోడ మీద కొట్టి, "ఇంకా అవలేదా? యాంటెన్నా మీ పుట్టింటి నుంచి తెచ్చావా?" అని అరుస్తారు. నేను కావాలనే ఇంకాస్త సాగదీస్తాను. మా వదిన దాన్ని పోట్లాట అనుకుంటారు. మా ముద్దూ ముచ్చటా అదే. నాకు ఆయనంటే ప్రాణం; నోటితో ఎన్నడూ అనలేదు కాబట్టి కాగితం మీద పెడుతున్నాను.

నేను పోతే ఆయన అరవడం మానేస్తారు. అందుకే, నా కుర్చీలో కూర్చున్న మొదటి సాయంత్రం నీ వంతు అయిపోయినా మీట వదలకు. ఆయన ఊరుకుంటారు. ఊరుకోనీ. మర్నాడూ అంతే. వారమైనా, నెలయినా సరే. గోడ మోగి, ఆయన నీ మీద గొంతు చించుకుని అరిచిన రోజున, "అయిపోయింది మావయ్యా" అని మీట ఆయన వైపు తిప్పెయ్. కార్యదర్శిగారు ఆ రోజు తేదీ వేసి, ఈ వీలునామా పూర్తిగా అమలైందని కింద రాయాలి.

2025 మార్చి 11, మంగళవారం.

సంతకం: ఈ పొద్దుట సోల్డర్ చేసిన చేత్తోనే, నేనే.

సాక్షులు:
1. మందుల షాపు యజమాని, ఎదురిల్లు
2. ఎక్స్ఛేంజీలో నాతో పనిచేసిన లైన్‌మన్

అమలైన తేదీ: ....................