బావ పట్టిన ట్యూనా

ఆదివారం రాత్రి, చింతాద్రిపేట

బావ దహనం అయిపోయింది. అక్కను పడుకోబెట్టి వచ్చి ఇది రాస్తున్నాను.

నిన్న నడిసముద్రంలో బావ గాలానికి పెద్ద ట్యూనా పడింది. ఏళ్ల తరబడి ఆయన ఎదురుచూసిన చేప. మా గాలం వేట పోటీ ఆటలో గాలం వేసినవాడే చేపను పడవ దాకా లాక్కోవాలి. మధ్యలో ఇంకొకరు గాలం రాడ్ మీద చెయ్యేస్తే, ఆ చేప ఎంత తూగినా రికార్డు లెక్కలోకి రాదు. గంట దాటేసరికి బావ ముఖం పాలిపోయింది. నేను దగ్గరికి పోతే, "ముట్టుకోవద్దురా! ఇది నాది!" అని అరిచాడు. చేతులు కట్టుకుని నిలబడ్డాను. చేప పడవలోకి వచ్చింది. దాని పక్కనే ఆయన కూలిపోయాడు. అక్కడి నుంచి తీరానికి రాత్రంతా ప్రయాణం. దారిలోనే పోయాడు.

సాయంత్రం అక్క నా చొక్కా పట్టుకుని అడిగింది. "నువ్వు ఆడనే ఉండావు కదరా? ఆ రాడ్ నువ్వు పట్టుకొనుంటే ఏమైపోయేది?"

చేప లెక్కలోకి రాదని చెప్పనా?

ఇందాక పడవ నడిపే శేఖర్ ఫోన్ చేశాడు. "చేప ఇంకా ఐసులోనే ఉండాది సార్. ఏం జేసేది?"

పారెయ్యమందామనుకున్నాను.

"తూకం వేసి చెప్పు," అన్నాను.