ట్రుహీయో కఫేలో క్రిస్మస్ లేదు

లా సియెనెగిత, న్యూ మెక్సికో
నవంబరు 14

క్రీస్తునందు ప్రియమైన సహోదరి ఎలోయిసా ట్రుహీయో గారికి,

మీ కొత్త విచారణ గురువు ఫాదర్ నార్బర్ట్ ష్మిట్జ్ ఆశీస్సులు. నేను మిన్నెసోటా నుంచి బదిలీ మీద ఈ ఊరు వచ్చి ఆరు వారాలైంది. మీ భర్త సెలెస్టీనో గారి అంత్యక్రియలు నేను రాకముందే జరిగిపోయాయి. ఆయన్ని చూసే భాగ్యం నాకు కలగలేదు.

నిన్న పోస్టాఫీసుకు వెళ్తూ మీ కఫే కిటికీలో పెట్టిన అట్టముక్క చదివాను. "సెలెస్టీనో పోయాడు. ఇకపై ఇక్కడ క్రిస్మస్ లేదు." తలుపు తట్టాను. లోపలి నుంచి "లేదన్నానుగా!" అని కేక వినిపించింది. అందుకే ఈ ఉత్తరం.

అమ్మా, మీ దుఃఖం పెద్దదే. కానీ క్రిస్మస్‌ను రద్దు చేసే అధికారం మీకూ లేదు, నాకూ లేదు, మన బిషప్ మేత్రాణుల వారికి కూడా లేదు. దయచేసి ఆ అట్ట తీసేయండి.

మీ కోసం ప్రార్థిస్తూ,
ఫాదర్ నార్బర్ట్

తా.క.: ఆదివారం గుడి మెట్ల మీద ఇద్దరు ముసలివాళ్ళు "ఎలోయిసా దగ్గర క్రిస్మస్ పోయిందట" అని చెప్పుకుని కళ్ళు తుడుచుకోవడం చూశాను. మీ ఒక్కరి వల్ల ఊరి విశ్వాసమంతా కదిలిపోతోంది.


నవంబరు 17

ఫాదర్ గారికి ఎలోయిసా నమస్కరించి రాయునది,

ఉత్తరానికి ఉత్తరం మర్యాద కాబట్టి రాస్తున్నాను. లేకపోతే నాకిప్పుడు ఎవరితోనూ మాట్లాడాలని లేదు.

అట్ట తీయను. ఉన్నమాటే రాశాను. ఎరుపు చూసుకునేది మా ఆయన. ఇరవై రెండేళ్ళ కిందట ఒకరోజు "ఇక ఎరుపు నాకు వదిలెయ్" అన్నాడు. అప్పటి నుంచి ప్రతి గురువారం మిరపకాయల కోసమని పొద్దున్నే బండేసుకుని వెళ్ళడం, రావడం, వంటింటి తలుపు బిగించుకోవడం, మధ్యాహ్నానికి ఎరుపుతో బయటికి రావడం. నన్ను ఒక్కనాడూ లోపలికి రానివ్వలేదు. అడిగితే "పోయేముందు చెప్తాలే" అనేవాడు. సెప్టెంబరులో ఒక పొద్దున బూట్లు వేసుకుంటూ పోయాడు. ఒక కాలికి వేసుకున్నాడు, రెండోది చేతిలోనే ఉంది. ఇంకేం చెప్తాడు?

పచ్చ సంగతి నాది. పద్నాలుగు సంచుల పచ్చ కాల్చి తొక్క తీసి పెట్టాను. కానీ ఎరుపు లేకుండా వట్టి పచ్చతో క్రిస్మస్ అవుతుందా? మీరే చెప్పండి. నా చేత్తో పదకొండుసార్లు ప్రయత్నించాను, కుదరలేదు. జనం వచ్చి కూర్చుంటారు, "క్రిస్మస్" అంటారు, లేదంటే టోపీ పెట్టుకుని లేచిపోతారు. జూలైలో కూడా ఈ ఊరివాళ్ళకి క్రిస్మస్ లేనిదే ముద్ద దిగదు.

కఫే అమ్మేస్తున్నాను. అమరీయో నుంచి ఒకాయన డిసెంబరు ఎనిమిదిన కొలతలు తీసుకోవడానికి వస్తున్నాడు. టైర్ల దుకాణం పెడతాడట.

ఇట్లు,
ఎలోయిసా ట్రుహీయో

తా.క.: మీరొచ్చి ఆరు వారాలైందంటున్నారు, ఒక్కపూటా మా బల్ల దగ్గర కూర్చోలేదు. ఏం తిని బతుకుతున్నారు? గుడి ఊడ్చే ఆవిడ మీరు చిక్కిపోయారంటోంది.


నవంబరు 20

క్రీస్తునందు ప్రియమైన ఎలోయిసా గారికి,

మీ ఉత్తరం చదివి చాలాసేపు మోకాళ్ళ మీద ఉండిపోయాను. జూలైలో కూడా క్రిస్మస్ కోసం తపించే జనం! నా ముప్పై ఏళ్ళ గురుజీవితంలో ఇంతటి భక్తిని చూడలేదు. మా మిన్నెసోటాలో డిసెంబరులోనే కష్టం.

పచ్చని కొమ్మలు కాల్చి, తొక్క తీశానని రాశారు. దుఃఖంలో మనుషులు ఏవేవో చేస్తారు. నేను తప్పు పట్టను. ఇంట్లో మాత్రం మంట పెట్టకండి. ఎరుపు కుదరడం లేదన్నారు కాబట్టి నాలుగు ఎర్ర కొవ్వొత్తులు, ఒక ఎర్ర రిబ్బను చుట్ట ఈ ఉత్తరంతో పంపుతున్నాను.

అసలు మాట చెప్తాను, కోపగించుకోకండి. శ్రీసభ సంప్రదాయంలో ఎరుపు విశ్వాసం కోసం ప్రాణాలిచ్చిన వేదసాక్షులది, పచ్చ పండుగల్లేని సాధారణ కాలానిది. క్రిస్మస్‌కు ఈ రెండూ కావు, తెలుపు. ఎరుపు పోయిందని అన్నీ అమ్ముకుని వెళ్ళిపోకండి. ఒక్కసారి మనస్ఫూర్తిగా తెలుపు వాడి చూడండి. మా వైపు అందరిదీ అదే.

మీ శ్రేయోభిలాషి,
ఫాదర్ నార్బర్ట్

తా.క.: మా అమ్మగారు స్వయంగా చేసిన తెలుపు నా దగ్గర ఉంది. ఆమె పోయి పంతొమ్మిదేళ్ళైంది. అక్కడక్కడ పసుపు తిరిగింది గానీ బాగానే ఉంది. కావాలంటే పంపిస్తాను.


నవంబరు 22

ఫాదర్ గారికి,

తెలుపా?

మీరు గురువులు కాబట్టి సరిపోయింది. ఇంకెవరైనా ఆ మాట అంటే అట్లకాడ తీసుకుని ఏటి దాకా తరిమేదాన్ని. ఎంచిలాడా మీద తెలుపు పొయ్యమంటారా? టెక్సస్‌లో పోస్తారు, పిండి గంజి. తిననీయండి, వాళ్ళ కర్మ.

మీకు అర్థమయ్యేలా చెప్తాను. మొక్కజొన్న రొట్టెలు, మధ్యలో చీజు, పైన మిరప పులుసు. ఎండుమిరపది ఎరుపు. పచ్చిమిరపది పచ్చ. ఏది కావాలని అడుగుతాం. రెండూ కావాలనేవాడు "క్రిస్మస్" అంటాడు, చెరో పక్కన పోస్తాం. అంతే. ఏసుప్రభువు పుట్టుకతో నాకే తగాదా లేదు. మూడో రంగు మాత్రం లేదు.

మీ అమ్మగారి చేతి వంటని నేను తక్కువ చెయ్యను. కానీ ఆవిడ పోయి పంతొమ్మిదేళ్ళైంది, పసుపు తిరిగింది అంటున్నారు. దయచేసి మీరు కూడా తినకండి.

నాకు కావలసింది ఒక్కటే. ఆయన చేసిన ఎరుపు ఒక్క చెంచాడు దొరికితే చాలు, నాలిక మీద పెట్టుకుని అందులో ఏముందో పట్టేస్తాను, కఫే నిలబెట్టుకుంటాను. కానీ ఉన్నదంతా అంత్యక్రియల భోజనంలో వడ్డించేశాను. ఆయన చావు భోజనానికి ఆయన వంటే. గిన్నె అడుగు దాకా గీకి పెట్టి, కడిగి బోర్లించాను. ఆ గిన్నె కడిగిన చేతుల్ని రోజూ తిట్టుకుంటున్నాను.

ఇట్లు,
ఎలోయిసా

తా.క.: కొవ్వొత్తులు ఆయన ఫొటో దగ్గర పెట్టాను. రిబ్బను ఎందుకు పంపారో తెలియలేదు. ఉడికించాలా?


నవంబరు 23

ఎలోయిసా గారికి,

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. మా అమ్మగారు చేసింది బలిపీఠం మీద పరిచే గుడ్డ. అది తర్వాత.

నేను వచ్చేసరికి గురుభవనం ఫ్రీజరులో ఆరు డబ్బాలున్నాయి. నా ముందున్న ఫాదర్ గారు వదిలి వెళ్ళినవి. ప్రతి డబ్బా మీదా "ఎరుపు – సె." అని రాసి ఉంది. నాకు వంట రాదు. టమాటా సూప్ అనుకుని వారానికొకటి వేడి చేసుకుని, బ్రెడ్డు నంజుకుని తాగాను. తాగినప్పుడల్లా కళ్ళ వెంట నీళ్ళు, చెవుల్లో హోరు, ఒళ్ళంతా చెమటలు. ఊరు కాని ఊళ్ళో ఒంటరిగా ఉండి నా పాపాలు గుర్తొస్తున్నాయనుకున్నాను. నిజం చెప్పాలంటే ఇక్కడికి వచ్చాక నేను అంత మనసారా ప్రార్థించింది ఆ పూటలే.

మీ ఉత్తరం చదివాక వెళ్ళి మూత చూశాను. "సె." అంటే సెలెస్టీనో. నేను తాగింది మీ భర్తను.

ఐదు అయిపోయాయి. ఒకటి మిగిలింది. ఈ ఉత్తరంతో పాటు మీ గుమ్మంలో పెట్టి వెళ్తున్నాను. తలుపు తట్టే ధైర్యం లేదు.

క్షమాపణలతో,
నార్బర్ట్

తా.క.: ఐదో వారానికి నాకది రుచించడం మొదలైంది. ఇది ఇంకా పెద్ద పాపం అనుకుంటాను.


డిసెంబరు 1

ఫాదర్ గారికి ఎలోయిసా నమస్కరించి రాయునది,

ఒక్కో డబ్బా పన్నెండు మందికి సరిపోతుంది. మీరు ఒక్కరే చెంచాతో తాగారు. మీరింకా బతికి ఉన్నారంటే దేవుడున్నాడు.

డబ్బా కరిగించి, చెంచా తీసుకుని, ఆయన కుర్చీలో కూర్చున్నాను. నాలిక మీద పెట్టుకున్నాను. ఇన్నేళ్ళూ వడ్డించడమే గానీ దాన్ని మనసుపెట్టి రుచి చూసింది లేదు. ఒక్క చుక్క చాలింది. ఇది సెలెస్టీనో చెయ్యి కాదు. అడుగున ఎక్కడో ఆప్రికాట్ వాసన. ఎండబెట్టిన ఆప్రికాట్ ముక్క ఒకటి వేసి, ఉడికాక తీసేయడం మా అమ్మ పద్ధతి. అమ్మ దాన్ని ఒక్కరికే నేర్పింది, మా చెల్లెలు ఒటీలియాకి.

ఒటీలియాతో నాకు ఇరవై రెండేళ్ళుగా మాటల్లేవు. అమ్మ పోయినప్పుడు భోజనాల దగ్గర అది వండిన ఎరుపు రుచి చూసి, "తియ్యగా ఉంది, పందులు కూడా ముట్టవు" అని నలుగురిలో అన్నాను. ఆ ఎరుపునే ఇరవై రెండేళ్ళు, "మా ఆయన చెయ్యి పడితే ఆ రుచే వేరు" అని చెప్పి ఊరందరికీ వడ్డించాను. గురువారాలు ఆయన ఏటి అవతల దాని ఇంటికి వెళ్ళి గిన్నెడు తెచ్చుకుని, మా వంటింట్లో తలుపేసుకుని పేపరు చదువుకుంటూ కూర్చునేవాడన్నమాట.

చచ్చినవాణ్ణి ఏం తిట్టను? ఖాళీ గిన్నె పట్టుకుని ఏరు దాటాను. ఒటీలియా తలుపు తీసి గిన్నె వంక చూసింది.

"పందులకా?" అంది.

"లోపలికి రానిస్తావా, గుమ్మంలోనే తిడతావా?"

"రెండూ చేస్తాను, రా."

"ఎన్నాళ్ళ నుంచే ఈ నాటకం?"

"అమ్మ పోయిన ఏడాది నుంచే. బావ వచ్చాడు. 'మీ అక్క ఎరుపు మాడ్చి చేదు చేస్తోంది, జనం రావడం మానేశారు, దానికి చెప్తే నన్ను మాడుస్తుంది' అన్నాడు."

"ఊళ్ళో ఎవరెవరికి తెలుసు?"

"నీకు తప్ప అందరికీ."

"నీకేం ఇచ్చేవాడే?"

"ఏమీ పుచ్చుకోలేదక్కా. నీ కబుర్లు చెప్పించుకునేదాన్ని. నీ మోకాలు ఎలా ఉందో, ఆ వారం ఎవరిని తిట్టావో. గురువారం గురువారం ఒక గంట. బావ పోయాక ఎలా ఉన్నావో చెప్పేవాళ్ళే లేరు. సమాధి దగ్గరికి వచ్చాను. నన్ను చూసి మొహం తిప్పుకున్నావు."

"నేను నిన్ను చూళ్ళేదే. ఆరోజు నాకెవరూ కనపళ్ళేదు."

అక్కడ ఏడ్చాను ఫాదర్. ఆయన పోయాక అదే మొదటిసారి. ఇద్దరం ఏడ్చాం. తర్వాత వెల్లుల్లి ఎన్ని రెబ్బలు వెయ్యాలన్న దాని మీద మళ్ళీ పోట్లాడుకున్నాం. అమరీయో ఆయనకి రావద్దని కబురు పెట్టాను. సోమవారం వచ్చి భోంచెయ్యండి, చెంచా తెచ్చుకోకండి.

ఇట్లు,
ఎలోయిసా ట్రుహీయో

తా.క.: ఒటీలియా ఎరుపు చేసిపెడతానంది గానీ ఒక షరతు పెట్టింది. అది ఎవరు చేశారో, నాది ఎలా ఉంటుందో, వచ్చిన ప్రతివాడికీ నా నోటితో నేనే చెప్పాలట. దానికంటే టైర్ల దుకాణమే నయమన్నాను. "నీ ఇష్టం" అని గిన్నె వెనక్కి లాక్కుంది. సోమవారానికి నోరు అలవాటు పడాలి కదా, ముందు మీకే చెప్తున్నాను. కావాలంటే పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనం కింద రాసుకోండి. ఆ ఎరుపు మా చెల్లెలిది. నాదెప్పుడూ చేదే.